లేసుల బూట్లు

ఆ మైదానంలో అతన్ని అందరూ సరే సారు అనేవారు. మొదట చాటున అనుకునేవారు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు. అతనికి అది బిరుదులా వినిపించింది కనుక ఎవరినీ ఆపలేదు. కారు లైసెన్సు కోసం వచ్చినవాళ్ళను పరీక్షించడం అతని ఉద్యోగం. నడిపేవాడి పక్కన కూర్చోవాలి, మైదానం ఒక చుట్టు తిప్పించాలి, చివర బండిని వెనక్కి నడిపించి ఒక గడిలో పెట్టించాలి. ఆ గడికి గోడలుండవు. ఇసుక నింపిన పాత నూనె డబ్బాల్లో కర్రలు గుచ్చి ఉంటాయి, అవే గోడలు. కర్ర పడితే పరీక్ష పోయినట్టే. కర్ర ఊగి నిలబడితే పోనట్టు. ఈ రెండోది ఎక్కడా రాసి లేదు గానీ, ఆ మైదానం పుట్టిన దగ్గర్నుంచీ అక్కడ నడుస్తున్న పద్ధతి అది. ఎంత కఠినుడని పేరు పడ్డ అధికారి కూడా ఊగిన కర్రకు ఎవరినీ ఆపలేదు.

సరే సారు పడిన కర్రకు కూడా ఎవరినీ ఆపలేదు.

ఎలాగంటే, బండి గడిలోకి వెనక్కి వెళ్ళే సమయానికి సరిగ్గా అతని బూటు లేసు ఊడిపోయేది. వంగి కట్టుకునేవాడు. వెనకనుంచి టప్పుమని చప్పుడు వినిపించినా తల ఎత్తేవాడు కాదు. లేసు ముడి పడేసరికి కర్ర మళ్ళీ డబ్బాలో నిలబడి ఉండేది. వరసలో ఉన్నవాళ్ళలో ఎవరో ఒకరు పరుగున వెళ్ళి గుచ్చేసేవారు, కాసేపటికి తమ కర్రనూ ఇంకెవరో లేపాలి కదా. అప్పుడు సరే సారు తల ఎత్తి, నాలుగు వైపులా పరీక్షగా చూసి, "సరే" అనేవాడు.

లంచం ముట్టడు. ఈ సంగతి ఊళ్ళోవాళ్ళకంటే అతనే ఎక్కువసార్లు చెప్పి ఉంటాడు. ఎవరైనా టీ ఇప్పిస్తానన్నా వద్దనేవాడు. అతనికి కావలసింది టీ కాదు. బండి దిగుతూ ఆ వచ్చినవాడి మొహం విప్పారుతుందే, రెండు చేతులూ జోడించి, మీ మేలు మరచిపోలేను సార్ అంటాడే, అదీ అతనికి కావలసింది. అది దొరకని రోజు అతనికి అన్నం సయించేది కాదు. అయితే తన గురించి అతను ఎన్నడూ ఇలా అనుకోలేదు. తనకు మంచీ చెడూ బాగా తెలుసు. పొద్దున అద్దం ముందు నిలబడి ఇవాళ గట్టిగా ఉండాలని గట్టిగానే అనుకుంటాడు. తీరా ఎదుటివాడి మొహం చూసేసరికి మనసు వెన్నలా కరిగిపోతుంది. ఏం చేస్తాడు పాపం, బలహీనుడు. ఇదీ అతను చెప్పుకునే కథ.

ఈ కథకు ఒక ఆదివారం సాయంత్రం మంచి పేరు కూడా దొరికింది. గ్రంథాలయం మేడ మీద రిటైరైన తత్వశాస్త్రం లెక్చరరు ఒకాయన ఉపన్యాసాలిచ్చేవాడు. మంచిదేదో తెలిసి కూడా మనిషి చెడు ఎందుకు చేస్తాడన్నది ఆ రోజు విషయం. ఆయన దాన్ని సంకల్ప దౌర్బల్యం అన్నాడు. సరే సారుకు ప్రాణం లేచివచ్చింది. తనకున్న జబ్బుకు ఇంత గంభీరమైన పేరుందనీ, దాని గురించి ఎన్నో తరాల పండితులు తలలు బద్దలు కొట్టుకున్నారనీ తెలిసి, అతనికి తన మీద తనకే ఒకరకమైన గౌరవం కలిగింది. రెండో సగం వినలేదు, టీ తాగాలనిపించి లేచాడు. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటుండగా లోపలినుంచి లెక్చరరు గొంతు వినిపిస్తూనే ఉంది. ఆ మనిషి లొంగక తప్పలేదా, లేక ఊరికే లొంగాడా, ఈ రెంటికీ తేడా ఎవరు తేల్చాలి అని అడుగుతున్నాడాయన. సరే సారు లేసులు బిగించుకుని మెట్లు దిగిపోయాడు.

పెళ్ళి చేసుకోలేదు. ఎన్ని సంబంధాలు వచ్చినా, ఎంతమంది పెద్దమనుషులు ఇంటికొచ్చి బతిమాలినా, వాటన్నిటికీ వద్దని ఠకీమని చెప్పగలిగాడు. అక్కడ మాత్రం వెన్న ఎందుకు కరగలేదో ఎవరూ అడగలేదు, అతనూ తనను తాను ప్రశ్నించుకోలేదు.

అతనికి ఉన్నది ఒక్క అక్క. చిన్నప్పుడే తల్లి పోతే అన్నం కలిపి పెట్టి, తల దువ్వి, అవసరమైనప్పుడు చెంప పగలగొట్టి పెంచింది ఆవిడే. అక్క బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేసేది. బెల్టు మీద వరసగా వచ్చే బిస్కెట్లలో విరిగినవీ మాడినవీ ఏరి పక్కన పారెయ్యడం ఆవిడ పని. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడే చెయ్యాలి. ఇలాంటి పని ఏళ్ళ తరబడి చేసినందువల్లనో, పుట్టుకతోనే అంతో, ఆవిడ మనుషులను చూసే చూపు కూడా అలాగే ఉండేది. ఆవిడ భర్త మోటార్లకు వైండింగ్ చేసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. మాట్లాడవలసినవన్నీ ఇంట్లో భార్యే మాట్లాడేది కనుక ఆయనకు ఆ అవసరం కూడా రాలేదు.

ఆ అక్కను ఫ్యాక్టరీ వెనక సందులో రొట్టెల వ్యాను ఒకటి వెనక్కి వచ్చి గోడకేసి నొక్కేసింది. నడిపేవాడు అద్దంలో చూసుకోలేదు. చూసుకుని ఉన్నా ఏ వైపు తిప్పాలో తెలిసేది కాదు. కుడికాలు మోకాలి దగ్గర నుజ్జయింది. కాలు తీసెయ్యకుండా డాక్టర్లు దక్కించారు గానీ, ఇక బెల్టు పక్కన నిలబడే పని జన్మలో కుదరదని తేల్చేశారు.

కబురు తెలిసి సరే సారు ఆసుపత్రికి పరుగెత్తాడు. వరండాలో ఒక నడివయసు మనిషి గోడకు చేరగిలబడి నేల మీద కూర్చుని తల పట్టుకుని ఉన్నాడు. కొత్త చొక్కా, దాని మీద రొట్టెల కంపెనీ గుర్తు. ఆ తల, ఆ బట్టతల వెనక పుట్టుమచ్చ, సరే సారు వెంటనే గుర్తుపట్టాడు. ఆ మనిషి ఆ మధ్యనే తన పక్కన కూర్చుని ఒకటి కాదు, రెండు కర్రలు పడగొట్టాడు. ఆ రోజు లేసు కాస్త ఎక్కువసేపు కట్టుకోవలసి వచ్చింది కనుక బాగా గుర్తుంది.  మొహం చాటేసి, అవతలి మెట్ల మీదుగా వార్డులోకి వెళ్ళాడు.

అక్కావాళ్ళ ఇల్లు మేడ మీద, ఇరుకు మెట్లు. కాలు అలా ఉండగా ఎక్కలేదు. సరే సారు ఇల్లు కింది అంతస్తు, పైగా కాలికి కసరత్తు చేయించే ఆసుపత్రి అదే రోడ్డు చివర. అక్కా బావా అక్కడికే వచ్చేశారు. సరే సారు తన మంచం అక్కకిచ్చాడు, దిండ్లు సర్దాడు, మందులు వేళకు అందించాడు. చూసినవాళ్ళంతా ఇలాంటి తమ్ముడు ఎందరికుంటాడన్నారు. రోజూ పొద్దున అద్దం ముందు, ఇవాళ చెప్పేస్తాను అనుకునేవాడు. రోజూ సాయంత్రం అక్క ముందు కూర్చుని నీళ్ళు నమిలేవాడు. అక్క ఏంట్రా అంటే, ఏం లేదక్కా, నొప్పి తగ్గిందా అనేవాడు. వీధిలోకి వెళ్ళి, నా వల్ల కాదు, నేను బలహీనుణ్ణి అని నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పుతో సగం పాపం కడిగేసినట్టు ఉండేది.

బావ ఈలోపు కారు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఆ వయసులో, సైకిలు తప్ప మరేదీ తొక్కని మనిషి, భార్యను తిప్పడానికి ఒకరి మీద ఆధారపడకూడదని రోజూ తెల్లవారకముందే లేచి వెళ్ళేవాడు. మోటారు తీగ చుట్టినంత శ్రద్ధగా నేర్చుకున్నాడు.

గుట్టు రట్టు చేసింది రొట్టెల వ్యాను డ్రైవరే, అదీ కృతజ్ఞతతో. ఒక సెలవు రోజు పొద్దున తలుపు కొట్టాడు. చేతిలో బన్నుల సంచి. అక్క కాళ్ళ మీద పడి క్షమించమనడానికి వచ్చాడు. అక్క ఆ మనిషిని తిట్టలేదు. కూర్చోమంది. ఎన్నాళ్ళనుంచి బండి నడుపుతున్నావని అడిగింది. అప్పుడే లోపలి గదిలోంచి సరే సారు మంచినీళ్ళ చెంబుతో వచ్చాడు. డ్రైవరు అతన్ని చూడగానే గబుక్కున లేచి నిలబడ్డాడు. మొహం విప్పారింది, చేతులు జోడించాడు.

"సార్, మీరా! అమ్మగారు మీవాళ్ళని నాకు తెలీదు సార్," అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగి, ఏదో శుభవార్త చెబుతున్నట్టు, "దేవుడిలాంటి మనిషండీ. రెండు కర్రలు పడేసినా, నా మొహం చూసి, బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగిపోయారు. ఆ రోజు ఆయన వంగకపోతే నాకు ఈ ఉద్యోగమే లేదు," అన్నాడు.

తనేం అన్నాడో అన్నాక అర్థమైంది ఆ మనిషికి. కట్టు కట్టి ఉన్న అక్క కాలు వంక చూశాడు, సరే సారు వంక చూశాడు, బన్నుల సంచి అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. చెంబులో నీళ్ళు తొణికి సరే సారు పాదాల మీద పడ్డాయి.

 సరే సారే మొదలుపెట్టాడు. ఇలాంటప్పుడు ఏం చెప్పాలో అతనికి కంఠతా వచ్చు. చెబుదామనే అనుకున్నానన్నాడు, రోజూ అనుకున్నానన్నాడు, నోరు రాలేదన్నాడు. తనది చెడ్డ మనసు కాదనీ, మంచేదో తనకు తెలుసనీ, చేసే శక్తి మాత్రం దేవుడివ్వలేదనీ అన్నాడు. చివరికి లెక్చరరు చెప్పిన పేరు కూడా చెప్పాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. అవి నిజం నీళ్ళే. ఇక్కడికి వచ్చేసరికి మామూలుగా ఎదుటివాళ్ళు భుజం మీద చెయ్యి వేస్తారు.

అక్క వెయ్యలేదు. గుమ్మం పక్కనున్న బూట్ల వంక చూసింది.

"నీకు చిన్నప్పట్నుంచీ లేసులంటే అసహ్యం," అంది. "బళ్ళో చేరినప్పుడు రోజూ నేనే కట్టేదాన్ని. పెద్దయ్యాక పట్టీ చెప్పులే తప్ప ఇంకోటి వేసుకోలేదు. ఈ బూట్లు ఎప్పుడు కొన్నావురా?"

అతను చేతిలోని చెంబు కింద పెట్టాడు.

"ఈ ఉద్యోగంలో చేరాకే కదా. బండిలో నీ పక్కన కూర్చున్నవాడు ఏడుపు మొహం పెడితే నీ మనసు కరిగింది, ఒప్పుకున్నా. మరి చెప్పుల కొట్లో నీ ముందు ఎవడు ఏడ్చాడు? అక్కడ తీరిగ్గా కూర్చుని, పది జతలు చూసి, లేసులున్నవే కావాలని ఎంచుకున్నావు. పొద్దున్నే లేచి కాళ్ళకు తొడుక్కుని వెళ్తున్నావు. ఊడడానికి వీలుగా వదులుగా కట్టుకుని మరీ వెళ్తున్నావు. అది బలహీనత కాదురా. అంత ముందుచూపు నాకు కూడా లేదు."

ఆ మాటలకు సరే సారుకు ఒళ్ళు మండింది. దొంగతనం బయటపడినందుకు కాదు, తన దగ్గరున్న ఒకే ఒక మంచి వస్తువును, ఆ బలహీనతను, ఆవిడ లాక్కుంటున్నందుకు. పెంచినంత మాత్రాన ఏం మాటైనా అనొచ్చా అన్నాడు. నీకు నా మనసు అర్థం కాదు, నీకు బిస్కెట్లు ఏరడమే తెలుసు అన్నాడు.

"అవును, అదే తెలుసు," అంది అక్క. "రేపు మీ బావ పరీక్ష ఉంది. నేనూ వస్తా. ఆ మైదానంలో బెంచీ మీద కూర్చుంటా. కర్ర పడగొట్టినవాడు ఒక్కడొచ్చి, వాడితో నువ్వు పడిందని చెప్పడం నా కళ్ళతో చూస్తే ఈ ఇంట్లో ఉంటా, నువ్వు నా తమ్ముడివి. చూడకపోతే మాకు మా మెట్లున్నాయి. కూర్చుని పాక్కుంటూ ఎక్కుతా గానీ నీ మొహం మళ్ళీ చూడను. నా చావుకి కూడా రావద్దు."

బావ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.  బన్నుల సంచి తీసుకెళ్ళి బయట పెట్టి వచ్చాడు.

అక్క ఒక మాట అంటే చేసి తీరే మనిషి. అది సరే సారుకు తెలుసు.  లోకంలో తనను ఒరేయ్ అని పిలిచేది ఆవిడ ఒక్కతే. మర్నాడు పొద్దున బూట్లు అటక మీదికి విసిరి, అడుగున పడి ఉన్న పాత పట్టీ చెప్పులు దులిపి వేసుకున్నాడు. వేసుకోగానే సగం మంచివాడైపోయినట్టు అనిపించింది. వీధిలో ఛాతీ విరుచుకుని నడిచాడు. అతనికి ఇలాంటి ఉదయాలు కొత్త కాదు.

మైదానం అంచున రేకుల నీడలో పొడుగాటి బెంచీ ఉంది. అక్క చంకకర్రలు రెండూ ఒళ్ళో పెట్టుకుని దాని మీద కూర్చుంది. మొదట వచ్చిన ఇద్దరూ బాగా నడిపారు. ఇద్దరికీ సరే అన్నాడు, తప్పేమీ లేని సరేలు, అయినా ఎందుకో చప్పగా ఉన్నాయి. బండి దిగినవాళ్ళు నమస్కారం పెట్టలేదు, మేలు మరచిపోలేమన్న మాట సంగతి దేవుడెరుగు. ఇద్దరూ అతన్ని ఎగాదిగా చూసి వెళ్ళారు. మూడోవాడి కోసం బెంచీ దగ్గరికి వెళితే సంగతి తెలిసింది. అక్క వరసలో ఉన్నవాళ్ళందరికీ చెబుతోంది. గొంతు తగ్గించి కాదు, మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు.

"నా తమ్ముడేనండి. నా కాలు విరగ్గొట్టినవాణ్ణి పాస్ చేసింది ఇతనే. చెప్పడానికి నోరు రాలేదట. నెల దాటాక ఆ డ్రైవరే వచ్చి చెప్పాడు."

వరసలో ఉన్నవాళ్ళు అతన్ని చూశారు. ఏళ్ళ తరబడి ఏ మొహాల కోసం అతను వంగాడో ఆ మొహాలే. ఒక్కదానిలోనూ వెలుగు లేదు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకతను పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు. సరే సారుకు చెవులు వేడెక్కాయి. నీళ్ళు అందించిన చేతిని కరిచిన అక్క మీద, అతనికి పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఎన్నడూ రానంత కోపం వచ్చింది. కోపం అనడం తక్కువ, అది ద్వేషం. అక్కడే, అందరి ముందు, ఆవిడకు నొప్పి కలిగే పని ఏదైనా చెయ్యాలనిపించింది.

తర్వాతి పేరు బావది.

అయినవాళ్ళను పరీక్షించకూడదన్న నియమం ఆ ఆఫీసులో ఎవరూ పట్టించుకునేవారు కాదు. పైగా రెండో అధికారి సెలవులో ఉన్నాడు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. సీటు సర్దుకున్నాడు, అద్దాలు సర్దుకున్నాడు, భుజం మీదుగా వెనక్కి చూశాడు. మైదానం చుట్టూ ఎక్కడా కుదుపు లేకుండా తిప్పాడు. గడి దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, బండిని అంగుళం అంగుళంగా వెనక్కి పోనిచ్చాడు. సరే సారు ఈసారి వంగలేదు. కళ్ళు విప్పార్చుకుని అద్దంలోకి చూస్తూనే ఉన్నాడు. ఒక పరీక్షను ఇంత పట్టుదలగా మొదలు నుంచి చివరి దాకా చూడడం జీవితంలో అతనికి ఇదే మొదటిసారి.

ఎడమవైపు చివరి కర్రకు బంపరు అంచు తగిలింది. కర్ర ఊగింది. అటూ ఇటూ ఊగి నిలబడింది. బండి గడి మధ్యలో, కొలిచి పెట్టినట్టు ఆగింది. బెంచీ దగ్గర ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

"ఫెయిల్," అన్నాడు సరే సారు.

ఆ మాట గంటకొట్టినట్టు వచ్చింది. కిటికీ దించి ఉంది కనుక బెంచీ దాకా వినపడింది. నాలుక తడబడలేదు, మనసు కరగలేదు, గొంతు జీరబోలేదు. అన్నాక ఒంట్లో ఒక చల్లటి సుఖం పాకింది, ఎండలో తిరిగొచ్చి తల మీద నీళ్ళు పోసుకున్నట్టు. అతనే ఆశ్చర్యపోయాడు.

"ఊగింది గానీ పడలేదు కదయ్యా," అన్నాడు బావ నెమ్మదిగా. "ఊగితే ఎవరినీ ఆపరు కదా ఇక్కడ."

"రూలు రూలే బావా. మళ్ళీ రెండు నెలలాగి రండి."

 బావ తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టి దిగిపోయాడు. ఆయన మొహంలో కోపం కూడా లేదు. రెండు నెలలపాటు ఆవిడను ఎలా తీసుకెళ్ళాలా అన్న లెక్క మాత్రం ఉంది. సరే సారు ఆ మొహం కూడా చూశాడు. చూసి కూడా మాట మార్చలేదు.

చంకకర్రల చప్పుడు. అక్క మైదానం మధ్యలోకి వచ్చింది. కంకర మీద జారుతూ, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వచ్చి, కిటికీ దగ్గర నిలబడి ఆయాసం తీర్చుకుంది. అతను తిట్లకు సిద్ధమయ్యాడు. తిట్టడం ఆవిడకు వచ్చు, పడడం అతనికి వచ్చు.

"ఇన్నాళ్ళూ ఈ గొంతు ఎక్కడ దాచావురా?" అంది అక్క.

అతను చేతిలోని తాళంచెవి వంక చూశాడు.

"మీ బావ సంగతి వదిలెయ్. మళ్ళీ వస్తాడు. నేనడిగేది వేరే. చెయ్యి వణకలేదు. నీళ్ళు నమలలేదు. అయినవాడు, నీ ఇంట్లో నీతో కలిసి తింటున్నవాడు, ఏ తప్పూ చెయ్యనివాడు, అలాంటి మనిషి మొహం మీద కాదని చెప్పావు. చెప్పి సంతోషపడ్డావు, అది కూడా చూశా. నీకు చేతకానిదంటూ ఏదీ లేదు. ఎప్పుడూ లేదు. నీకు ఇష్టమైతే ఇనప ముక్కవే."

 సరే సారు ఎదురు చెప్పడానికి మాట వెతికాడు. ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట, నా వల్ల కాదు అన్న మాట, నోటి దాకా వచ్చి అక్కడే చచ్చిపోయింది. అందరూ ఇప్పుడే విన్నారు, అతని వల్ల అవుతుందని.

"ఇది లెక్కలోకి రాదు," అంది అక్క. "పడినవాణ్ణి ఆపితే చూస్తానన్నా. ఇది పడలేదు. నీ పని ఇంకా మిగిలే ఉంది." వెనక్కి తిరిగి బెంచీ దగ్గరికి నడిచింది. వెళుతూ, కర్రలు లేపడానికి ఎవరూ లేవకండి అని వరసకు చెప్పింది. ఎవరూ కాదనలేదు.

ఆ రోజు చివరి మనిషి ఆలస్యంగా వచ్చాడు. గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకుంటూ, చెమటలు కక్కుతూ వచ్చి నేరుగా బండిలో కూర్చున్నాడు. బెంచీ వైపు వెళ్ళనేలేదు, అక్క మాట వినలేదు. గుండ్రటి మొహం, అమాయకంగా నవ్వే కళ్ళు. ఎక్కుతూనే నమస్కారం పెట్టాడు. మీ గురించి అందరూ గొప్పగా చెప్పారు సార్ అన్నాడు. బడి పిల్లలను దింపే వ్యాను ఉద్యోగం ఒకటి సిద్ధంగా ఉందనీ, ఈ లైసెన్సు ఒక్కటీ వస్తే ఒడ్డున పడతాననీ, ఇంట్లో భార్యకు పొద్దునే చెప్పి వచ్చాననీ అన్నాడు. సరే సారు పొద్దుటినుంచి ఇలాంటి మాట ఒక్కటీ వినలేదు. ఎండిన నోటికి నీళ్ళు తగిలినట్టు ఉంది.

బండి మైదానమంతా ఎగిరెగిరి పడింది. మలుపు దగ్గర ఒకసారి, ఏ కారణం లేకుండా ఒకసారి ఆగిపోయింది. గడి దగ్గరికి వచ్చాక ఆ మనిషి అద్దంలోకి చూడలేదు, భుజం మీదుగా చూడలేదు, సరే సారు మొహంలోకి చూస్తూ వెనక్కి పోనిచ్చాడు. ఎడమ కర్ర పడింది. దానితోపాటు డబ్బా కూడా దొర్లి ఇసుకంతా ఒలికింది. బండి ఇంకా వెనక్కి వెళ్ళి కుడి కర్రను కూడా కింద పడేసి ఆగింది. టైరు కింద అది విరిగిన చప్పుడు మైదానమంతా వినపడింది. వరసలోంచి ఎవరూ లేవలేదు. అక్క చంకకర్రల మీద లేచి నిలబడింది.

"సార్," అన్నాడు ఆ మనిషి. అంతే అన్నాడు. కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు.

చెప్పవలసింది ఒక్క మాట. ఇందాక చెప్పిన మాటే. అదే కిటికీ, అదే గొంతు. సరే సారుకు ఆ మాట నాలుక మీద బరువుగా, తేలిగ్గా చెప్పడానికి సిద్ధంగా తగులుతూనే ఉంది. చెప్పగలడని అతనికి తెలుసు. చెప్పలేనని అనుకోవడానికి ఆ రోజు అతనికి దారే లేదు.

అతను వంగాడు.

వేళ్ళు పాదం దగ్గర లేసు కోసం వెతికాయి. పట్టీ తగిలింది, బొటనవేలు తగిలింది, ఏళ్ళుగా వాడక గట్టిపడ్డ తోలు తగిలింది. కట్టడానికి ఏమీ లేదు. అయినా లేవలేదు. వట్టి పాదాన్ని పట్టుకుని, డ్యాష్‌బోర్డు కింద చీకట్లోకి చూస్తూ, కావలసినంతసేపు అలాగే ఉన్నాడు. బయట కంకర మీద చంకకర్రల చప్పుడు మొదలైంది, పక్కన బావ చెప్పుల చప్పుడు. అవి దగ్గరికి రావడం లేదు.

"సరే," అన్నాడు, ఇంకా తల ఎత్తకుండానే.

"మీ మేలు మరచిపోలేను సార్," అన్నాడు ఆ మనిషి.

సరే సారు తల ఎత్తాడు. ఎత్తగానే ముందు ఆ గుండ్రటి మొహం వైపే చూశాడు, అది ఎలా విప్పారిందో తనివితీరా చూశాడు. గేటు వైపు ఆ తర్వాతే చూశాడు. అప్పటికి అక్కడ ఎవరూ లేరు.